బోనులో దేవుడు

తెలుగు సినిమాలో కోర్టు సీను పడిందంటే బంట్రోతు భగవద్గీత పట్టుకుని బోను దగ్గరికి రావాల్సిందే. సాక్షి దాని మీద చెయ్యి వేసి, దేవుడి ఎదుట అంతా నిజమే చెబుతానంటాడు. ఆ తర్వాత సగం సినిమాల్లో నిక్షేపంగా అబద్ధం చెబుతాడు. మన చట్టం ప్రకారమైతే ఈ తంతుతో పనే లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం గీతను గానీ, ఖురాన్‌ను గానీ, బైబిల్‌ను గానీ తెమ్మనలేదు. దేవుడి పేరు మీద ప్రమాణం చేయడమా, దేవుడి ఊసు లేకుండా నిజం చెబుతానని ప్రతిజ్ఞ చేయడమా అన్నది సాక్షికే వదిలేసింది.

ఆ రెండో దారి చట్టంలో పడడానికి ముందు చాలా తగవు నడిచింది. దేవుడంటే భయం లేనివాడికి నీతి ఉంటుందా అన్న ప్రశ్నను మఠాల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ ఎన్ని తరాలైనా సాగదీయవచ్చు. కోర్టుకు ఆ తీరిక ఉండదు. సాక్షి ఎదురుగా నిలబడి ఉంటాడు. అతని నోటిమాట మీద ఒకరి పొలమో, ఒకరి ప్రాణమో ఆధారపడి ఉంటుంది. నమ్మాలా వద్దా అన్నది ఆ పూటే తేలాలి. అందుకే ఈ ప్రశ్న చరిత్ర వేదాంత గ్రంథాల్లో కన్నా సాక్షి బోను చుట్టూ ఎక్కువ దొరుకుతుంది.

ప్లేటో రాసిన 'యుతిఫ్రో' సంభాషణ కూడా ఏథెన్స్‌లో న్యాయాధికారి వాకిట్లోనే జరుగుతుంది. సోక్రటీసు మీద దైవద్రోహం కేసు పడింది. యుతిఫ్రో ఒక కూలీ చావుకు కారకుడని సొంత తండ్రి మీదే కేసు పెట్టడానికి వచ్చాడు. తాను చేస్తున్నది దేవతలు మెచ్చే పని అని అతని ధీమా. సోక్రటీసు ఒకే ప్రశ్న వేస్తాడు: దేవతలు మెచ్చారు కాబట్టి అది మంచిదైందా, మంచిది కాబట్టి దేవతలు మెచ్చారా? యుతిఫ్రో అటు తిరిగి ఇటు తిరిగి చివరికి పని ఉందంటూ జారుకుంటాడు. ఇరవై నాలుగు వందల ఏళ్లుగా చాలామంది పండితులు చేసిందీ దాదాపు అదే.

మన దగ్గర ఈ వ్యవహారం ఇంకో రకంగా నడిచింది. లిఖితం, అనుభవం, సాక్షులు, ఈ మూడూ లేనప్పుడు దివ్యాలకు పోవాలని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. తుల, అగ్ని, జలం, విషం, కోశం అని అయిదు దివ్యాలు. కోశం సంగతి చూడండి. ఉగ్రదేవత విగ్రహాన్ని కడిగిన నీళ్లు మూడు దోసిళ్లు తాగించి పంపేస్తారు. పద్నాలుగు రోజుల లోపల రాజు వల్లగానీ దైవం వల్లగానీ ఘోరమైన ఆపద రాకపోతే వాడు నిర్దోషి. ఆ స్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగులో పద్యాలుగా పెట్టాడు. తీర్పు చెప్పేవాడు తన బరువును దేవుడి నెత్తిన పెట్టి చేతులు దులుపుకునే పద్ధతి ఇది. దోషికి పద్నాలుగు రోజులు జ్వరం కూడా రాకపోవచ్చు, నిర్దోషి ఇంట్లో చావు జరగవచ్చు. ఆ సంగతి స్మృతికారులకు తెలియక కాదు. కాగితమూ సాక్షీ ఉన్నచోట దివ్యం జోలికి పోవద్దని వాళ్లు గిరి గీసింది అందుకే అనిపిస్తుంది.

అదే శాస్త్రాల్లో ఒట్టుకు మినహాయింపులూ ఉన్నాయి. ఆడవాళ్ల దగ్గర, పెళ్లి విషయంలో, ఆవుల మేత కోసం, ఇంకా అలాంటి కొన్నిటి కోసం దొంగ ఒట్టు పెట్టినా పాపం లేదని మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. మూడడుగుల నేల ఇస్తానని మాట ఇచ్చిన బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చేసిన హితబోధా ఇదే బాణీలోది. పోతన భాగవతం చదివినవాళ్లకు ఆ ఘట్టం నోటికి వస్తుంది. గురువు శాస్త్రం చూపించి మాట తప్పవచ్చన్నాడు. అడుగుతున్నవాడు సాక్షాత్తూ విష్ణువు, వచ్చింది తనను ముంచడానికే అని బలికి తెలుసు. అయినా ఇచ్చిన మాట మీదే నిలబడ్డాడు. ఏ దేవుడి ఆజ్ఞా అతనికి అడ్డం రాలేదు, అండగా కూడా లేదు.

వైదిక దర్శనాల్లో కర్మకాండను నెత్తిన పెట్టుకున్నది పూర్వమీమాంస. ధర్మానికి దేవుడు అవసరం లేదన్నదీ అదే. వేదం ఎవరూ రాసింది కాదు, దేవుడు కూడా రాయలేదు, ధర్మం తెలిసేది దాని వల్లనే అని మీమాంసకుల వాదం. ఈ ప్రపంచాన్ని ఒక సర్వజ్ఞుడు సృష్టించాడన్న మాటను ఏడో శతాబ్దపు కుమారిల భట్టు గట్టిగా ఖండించాడు. హోమం మానని మనిషి సృష్టికర్తను మానేశాడన్నమాట!

పండితుల సంగతి అలా ఉంచి ఊళ్లలోకి వస్తే ఒట్టు అంటే ఒట్టే. అమ్మతోడు, దేవుడి తోడు, పిల్లల తల మీద చెయ్యి, గుడిలో ఆర్పిన కర్పూరం, ఇవన్నీ తగవు తేల్చే సాధనాలే. వీటన్నిటికీ పెద్ద చిత్తూరు జిల్లా కాణిపాకం. కులోత్తుంగ చోళుడు కట్టించాడని చెప్పే ఆ గుడిలో వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. అప్పు ఎగ్గొట్టాడని, నగ తీశాడని నింద పడినవాడు కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడి, ఆ పని నేను చెయ్యలేదని చెప్పాలి. ఒట్టు పెట్టకముందే, మునకకు దిగేముందే తప్పు ఒప్పుకున్నవాళ్ల కథలు ఆ చుట్టుపక్కల కొల్లలు. ఇప్పటికీ ఆరోపణలు విసురుకునే రాజకీయ నాయకులు "దమ్ముంటే కాణిపాకం రా" అంటూనే ఉంటారు.

ఆ గుడి పక్కన పారే ఏరు పేరు బాహుదా. దాని కథ మహాభారతం శాంతిపర్వంలో ఉంది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. అన్న ఆశ్రమంలో చెట్టు పళ్లు తమ్ముడు అడక్కుండా తిన్నాడు. అది దొంగతనం, వెళ్లి రాజుకు చెప్పుకో అన్నాడు అన్న. రాజు సుద్యుమ్నుడు క్షమించబోతే లిఖితుడే ఒప్పుకోలేదు, శిక్ష వేయాల్సిందే అని పట్టుబట్టాడు. చేతులు నరికించుకుని తిరిగొచ్చి బాహుదలో మునిగితే అవి మళ్లీ మొలిచాయి. కాణిపాకం స్థలపురాణం ఆ నదిని ఇక్కడికి తెచ్చుకుంది. కథలో దేవుడి పాత్ర చివర చేతులు మొలిపించడం వరకే. అడక్కుండా తీసుకోవడం తప్పు అన్నంత దాకా మనుషులే తేల్చుకున్నారు.

ఇంగ్లండ్‌లో ఈ తగవు చట్టం పుస్తకాల్లోకి ఎక్కింది. క్రైస్తవుడు కానివాడు సాక్షిగా పనికిరాడని పదిహేడో శతాబ్దం మొదట్లో న్యాయకోవిదుడు ఎడ్వర్డ్ కోక్ రాసిపెట్టాడు. మత సహనం గురించి 1689లో పుస్తకం రాసిన జాన్ లాక్ అంతటివాడు కూడా నాస్తికుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. మాటకూ ఒప్పందానికీ ఒట్టుకూ కట్టుబడేలా చేసేది దైవభీతే కాబట్టి, అది లేనివాడిని సహించనక్కర్లేదన్నాడు.

తమాషా ఏమిటంటే ఒట్టు పెట్టం అని ముందు మొండికేసినవాళ్లు పరమ భక్తులు. అసలు ఒట్టే పెట్టుకోవద్దని క్రీస్తు చెప్పాడు, మా మాట ఎప్పుడైనా నిజమే, కోర్టు కోసం ప్రత్యేకంగా నిజం ఏమిటని క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు అడిగారు. అందుకు జైళ్లకు వెళ్లారు, ఆస్తులు పోగొట్టుకున్నారు. చివరికి 1690ల్లో పార్లమెంటు వాళ్లకు ఒట్టు బదులు ప్రతిజ్ఞ చేసే వీలిచ్చింది. తర్వాతి కాలంలో నాస్తికులు నడిచింది ఈ భక్తులు తెరిచిన తలుపులోంచే.

కోక్ గీసిన గీత చెరిగింది మాత్రం కలకత్తా వ్యాపారి ఒకరి వల్ల. ఓమీచంద్ అనే వర్తకుడికి ఒక ఇంగ్లీషు వర్తకుడి నుంచి సొమ్ము రావాలి. దావా లండన్‌లో పడింది. సాక్షులు హిందువులు. కమిషనర్లు కలకత్తాలో వాళ్ల వాంగ్మూలం తీసుకున్నారు. సాక్షి సాష్టాంగపడి బ్రాహ్మణ పురోహితుడి పాదం చేత్తో తాకాలి, అదే ప్రమాణం. ఇది ఒట్టు కిందికి వస్తుందా? లార్డ్ ఛాన్సలర్ హార్డ్‌విక్ పెద్ద జడ్జీలను పక్కన కూర్చోబెట్టుకుని 1744లో వస్తుందని తేల్చాడు. సాక్షి ఏ దేవుణ్ణి నమ్మినా ఫరవాలేదు, అబద్ధమాడితే శిక్షించే దేవుడొకడు ఉన్నాడని నమ్మితే చాలు. కలకత్తా సాక్షులకు తలుపు తెరుచుకుంది, నాస్తికులకు ఇంకా గట్టిగా బిగుసుకుంది.

కంపెనీ పాలనలో మన కోర్టుల్లో హిందువు చేతిలో గంగాజలం, ముస్లిం చేతిలో ఖురాన్ పెట్టి సాక్ష్యం చెప్పించేవారు. బ్రిటిషువాళ్లు అనుకోని చిక్కు ఒకటి వచ్చింది. పరువుగల మనుషులు ఆ గంగాజలం పట్టుకోవడానికే ఇష్టపడలేదు. నిజం చెప్పడానికి వచ్చినవాడు కూడా ఒట్టు అనేసరికి వెనక్కి తగ్గేవాడు. దేవుడి మీద భయం నిజాన్ని రప్పిస్తుందనుకుంటే సాక్షినే రాకుండా చేసింది. 1840లో వచ్చిన అయిదో చట్టం పీఠికలోనే ఈ సంగతి ఒప్పుకుంది: మనస్సాక్షికి నచ్చని ఒట్ల వల్ల న్యాయానికి ఆటంకం కలుగుతోంది కాబట్టి ఇక నుంచి హిందువులూ ముస్లింలూ సర్వశక్తిమంతుడైన దేవుడి సన్నిధిలో ప్రతిజ్ఞ చేస్తే చాలు. నీళ్లూ పుస్తకమూ పోయాయి, దేవుడు మిగిలాడు.

1873 చట్టం ఇంకో అడుగు వేసి, ఒట్టుకు అభ్యంతరం ఉన్న ఎవరైనా ప్రతిజ్ఞతో సరిపెట్టవచ్చంది. అదే చట్టం ఎనిమిది నుంచి పన్నెండు సెక్షన్లలో ఊరి పద్ధతిని కూడా కోర్టులోకి లాగింది. "వాడి కులాచారం ప్రకారం ఫలానా ఒట్టు పెట్టమనండి, వాడేం చెబితే దానికి కట్టుబడతాను" అని ఒక కక్షిదారు అనవచ్చు. అవతలివాడు సరేనంటే ఒట్టు పెట్టిస్తారు. కోర్టు బయట పెట్టాల్సిన ఒట్టయితే దగ్గరుండి పెట్టించడానికి కమిషనర్‌ను పంపవచ్చు. ఆ ఒట్టు మీద చెప్పిందే ఆ కేసులో తిరుగులేని రుజువు. అవతలివాడు కాదంటే బలవంతం లేదు గానీ, ఎందుకు కాదన్నాడో రాసుకుంటారు. మద్రాసు ప్రెసిడెన్సీలో మన జిల్లాలకూ వర్తించిన చట్టమే ఇది. అంటే కాణిపాకం కోనేరు పద్ధతికి విక్టోరియా రాణి ముద్ర పడినట్టే. ఈ సెక్షన్లు దాదాపు శతాబ్దం పాటు పుస్తకంలో ఉన్నాయి.

నాస్తికుణ్ణి సాక్ష్యానికి రానీయకపోవడంలో ఉన్న అసలు తిరకాసును 1859లో జాన్ స్టువర్ట్ మిల్ పట్టుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు లండన్ మేజిస్ట్రేటు కోర్టుకు ఒక విదేశీయుడు దొంగతనం జరిగిందని ఫిర్యాదుకు వెళ్లాడు. దేవుడి మీదా పరలోకం మీదా నమ్మకం లేదని నిజం చెప్పేశాడు. ఒట్టు పెట్టడానికి వీల్లేదు కాబట్టి ఫిర్యాదు విననన్నారు. దొంగకు పండగ! మిల్ వాదన సూటిగా ఉంటుంది. మనసులో నమ్మకం లేకపోయినా ఉందని అబద్ధమాడేవాడు సాక్షిగా చెల్లుతాడు. నలుగురిలో చెడ్డపేరు వస్తుందని తెలిసీ ఉన్నమాట చెప్పేవాడు చెల్లడు. అబద్ధాలకోరును ఆపడానికి పెట్టిన నిబంధన ఆపుతున్నది నిజాయితీపరుణ్ణి మాత్రమే. ఈ మొత్తం చరిత్రలో దీనికి సరైన జవాబు చెప్పినవాళ్లు లేరనే అనాలి.

ఇంగ్లండ్ కోర్టుల్లో నాస్తికులకు 1869లో ప్రతిజ్ఞ దొరికింది. పార్లమెంటులో దొరకలేదు. 1880లో నార్తాంప్టన్ నుంచి గెలిచిన చార్లెస్ బ్రాడ్లా ప్రతిజ్ఞ చేస్తానన్నాడు, కుదరదన్నారు. పోనీ ఒట్టే పెడతానన్నాడు, నాస్తికుడు పెడితే ఒట్టు మైలపడుతుందని అదీ ఒప్పుకోలేదు. ఒక రాత్రి పార్లమెంటు గడియారం గోపురంలో బంధించారు. 1881 ఆగస్టులో పోలీసులు ఎత్తి బయట పడేస్తే కోటు చిరిగింది. సీటు తీసేసిన ప్రతిసారీ నార్తాంప్టన్ ఓటర్లు అతన్నే గెలిపించి పంపారు. 1886లో కొత్త స్పీకర్ ఎవరి మాటా వినకుండా ప్రమాణం చేయనిచ్చాడు. రెండేళ్లకు, 1888లో, ఎవరైనా ఎక్కడైనా ఒట్టు బదులు ప్రతిజ్ఞ చేసే చట్టం బ్రాడ్లా చొరవతోనే వచ్చింది. మన దేశం తరఫున పార్లమెంటులో ఎంతగా మాట్లాడేవాడంటే అతనికి 'ఇండియా సభ్యుడు' అని పేరు పడింది. 1889 బొంబాయి కాంగ్రెస్‌కు వచ్చి వెళ్లాడు కూడా.

1891 జనవరి 30న బ్రాడ్లా పోతే, లండన్‌లో బారిస్టరు చదువుతున్న గాంధీ అనే ఇరవై ఒకటేళ్ల కుర్రాడు బ్రూక్‌వుడ్ శ్మశానానికి వెళ్లి అంత్యక్రియల్లో పాల్గొన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్లో ఒక నాస్తికుడు ఒక పాదిరీని దేవుడి కొలతలు చెప్పమని ఎగతాళి చేయడం చూసి నాస్తికత్వం మీద తనకున్న విముఖత పెరిగిందని ఆత్మకథలో రాసుకున్నారు. బ్రాడ్లా మీద గౌరవం ఉంది, అతని వాదం మీద లేదు.

యాభై ఏళ్ల తర్వాత ఆ వాదం తెలుగునేల నుంచి ఆయన ఆశ్రమానికే నడిచొచ్చింది. గోపరాజు రామచంద్రరావు, అందరూ పిలిచే పేరు గోరా, వృక్షశాస్త్రం అధ్యాపకుడు. దేవుడి భావన మీద రాసినందుకు 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఉద్యోగం పోయింది. తర్వాత బందరు హిందూ కళాశాలలోనూ అదే గొడవ. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. గ్రహణం రోజున గర్భిణి చూస్తే బిడ్డకు అరిష్టమన్న మాట తప్పని చూపడానికి ఆయన భార్య సరస్వతి గర్భిణిగా ఉండి గ్రహణం చూశారు. ఊళ్లో సహపంక్తి భోజనాలు పెట్టారు. అంటరానితనానికి దేవుణ్ణీ కర్మనూ అడ్డం పెట్టుకుంటున్నప్పుడు, దేవుణ్ణి పక్కన పెట్టకుండా అది పోదని గోరా పట్టు. చేసిన పనికి బాధ్యత మనిషిదేనని ఒప్పుకోనంత కాలం నీతి రాదని వాదించారు.

దేవుడంటే ఏమిటని గోరా 1930లోనే గాంధీకి ఉత్తరం రాశారు. మనిషి ఊహకు అందనిది అని జవాబు వచ్చింది. 1941లో కలుస్తానంటే, నాస్తికత్వం తనను తాను కాదనుకోవడమని, దాన్ని ప్రచారం చేసి నెగ్గినవాళ్లు లేరని చల్లని నీళ్లు చల్లారు. చివరికి 1944లో సేవాగ్రాంలో కలిశారు. మాటలు సాగేకొద్దీ గాంధీ మెత్తబడ్డారు. తన ఆస్తికత్వం సరైనదని గానీ గోరా నాస్తికత్వం తప్పని గానీ తేల్చి చెప్పలేనని, ఇద్దరమూ సత్యాన్ని వెతుకుతున్నామని అన్నారు. దేవుడే సత్యం అనే మాటను సత్యమే దేవుడు అని ఆయన తిరగేసి అప్పటికి చాలా ఏళ్లయింది.

పరీక్ష ఒక పెళ్లి రూపంలో వచ్చింది. గోరా తన కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వాలనుకున్నారు. గాంధీ సేవాగ్రాంలో తానే చేయిస్తానన్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు పలకడం గోరా కుటుంబానికి కుదరదు. దేవుడు అన్నచోట సత్యం అని మార్చడానికి గాంధీ ఒప్పుకున్నారు. కాలేజీ కుర్రాడిగా బ్రాడ్లా శవపేటిక వెంట నడిచిన మనిషి, రోజూ రామనామం జపించే మనిషి, ఒక నాస్తికుడి కోసం ఒట్టులో మాట మార్చారు. ఆ పెళ్లి ఆయన చూడలేదు. 1948 మార్చిలో, ఆయన పోయిన ఆరు వారాలకు, అనుకున్నచోటే జరిగింది.

అదే ఏడు డిసెంబరులో రాజ్యాంగ సభలో ఈ గొడవే వచ్చింది. రాష్ట్రపతి ప్రమాణం ముసాయిదాలో దేవుడి పేరు లేదు. మహావీర్ త్యాగీ, హెచ్.వి. కామత్ చేర్చాలన్నారు. దేవుడి పేరిట ప్రమాణమో, సత్యనిష్ఠతో ప్రతిజ్ఞో, రెండిట్లో ఏదైనా అన్న రూపానికి అంబేద్కర్ ఒప్పుకున్నారు. కామత్ అక్కడితో ఆగలేదు. 1949 అక్టోబరు 17న పీఠికనే దేవుడి పేరుతో మొదలుపెట్టాలని సవరణ తెచ్చారు. దేవుడేమిటి, దేవత అనండి, మాది కామాఖ్య ఉన్న కామరూపం అని రోహిణీ కుమార్ చౌదరి. నమ్మకాన్ని బలవంతంగా రుద్దినట్టవుతుందని థాను పిళ్లై. దేవుణ్ణి ఓటింగుకు పెట్టి మమ్మల్ని ఇబ్బంది పెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ బతిమాలారు. కామత్ వినలేదు. అనుకూలం 41, వ్యతిరేకం 68. ఓడించినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో దీపం పెట్టుకునేవాళ్లే అయి ఉంటారు.

1951 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన రామేశ్వర్ కేసు ఈ వరసలో చివరి మెట్టు. రాజస్థాన్‌లో అత్యాచారానికి గురైన ఎనిమిదేళ్ల పిల్లకు ఒట్టు పవిత్రత అర్థం కాదని కింది కోర్టు ఒట్టు పెట్టించకుండానే సాక్ష్యం తీసుకుంది. ఒట్టు లేదు కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదని ముద్దాయి వాదన. జస్టిస్ వివియన్ బోస్ రాసిన తీర్పు దాన్ని తోసిపుచ్చింది. ఒట్టు తెలియకపోవడం వేరు, నిజం చెప్పాలని తెలియకపోవడం వేరు అని తేల్చింది. దేవుడి శిక్ష గురించి ఊహ కూడా లేని పసిపిల్ల మాట సాక్ష్యంగా నిలిచింది. లాక్ ఉండి ఉంటే ఏమనేవాడో!

1969 చట్టం 1873 నాటి గుడి ఒట్లను తీసేసింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నిజం చెప్పాలన్న సంగతి తెలిస్తే ఒట్టు అక్కర్లేదంది. కోర్టులో అబద్ధపు సాక్ష్యానికి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు, దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా. ఎప్పుడైనా బోనెక్కాల్సి వచ్చి, దేవుడి పేరు పలకడం మీకు ఇష్టం లేకపోతే ప్రతిజ్ఞ చేస్తానని అడగండి, అయిదో సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. ఒకవేళ గుమాస్తా ఏ ఒట్టూ పెట్టించడం మరిచిపోయినా ఏడో సెక్షన్ ప్రకారం మీ సాక్ష్యం చెల్లుతుంది, నిజం చెప్పాల్సిన బాధ్యతా మీ మీద అలాగే ఉంటుంది.